నల్లబల్ల నుంచి కొలంబియా సెమినార్ దాకా



మొన్న ఒక హాస్టల్లో ఫైనలియర్ పిల్లలతో కూర్చున్నాను. క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయి. ఒక చెల్లె అంది: "అన్నా, సబ్జెక్టు వస్తది. నలుగుర్ల లేచి మాట్లాడమంటేనే కాళ్లు వణుకుతయి. నీకు కాన్ఫిడెన్స్ లేదంటున్నరు సార్లు." అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక బాబాసాహెబ్ చదువుకున్న రోజుల గురించి మళ్లీ చదివాను. ఈ భాగం ఆ చెల్లె కోసమే.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు. లెక్క చేయమని టీచరు భీమ్‌రావును బోర్డు దగ్గరికి పిలిచాడు. మిగతా పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు ఆ నల్లబల్ల వెనకే పెట్టుకునేవాళ్లు. ఇతను లేచాడో లేదో, క్లాసు క్లాసంతా గోలగోలగా ఉరికి డబ్బాలు లాగేసుకుంది. ఆ తర్వాతే అతను బోర్డు ముట్టుకోగలిగాడు. సంస్కృతం చదువుతానంటే వీల్లేదన్నారు, పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. నలుగురి ముందుకు నడిచి వెళ్లడమంటే ఏమిటో మన పిల్లలకు మొదట తెలిసేది ఇలాగే. కాళ్లు వణకవా మరి?

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ స్కాలర్‌షిప్ ఇచ్చారు. నెలకు 11.50 పౌండ్లు, మూడేళ్ల పాటు. చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలని షరతు. జూలైలో న్యూయార్క్ చేరారు. కొలంబియా యూనివర్సిటీ హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ యువకుడు రూమ్మేటు. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగానే ఉన్నారు. అక్కడ ఆయన్ని చూసి డబ్బాలు లాక్కున్నవాళ్లు లేరు.

ఇక చదివిన తీరు చూడండి. ఎకనామిక్స్‌లో 29 కోర్సులు, చరిత్రలో 11, సోషియాలజీలో 6, ఫిలాసఫీలో 5, ఆంత్రోపాలజీలో 4, రాజకీయాల్లో 3. వాటికి తోడు ఫ్రెంచ్, జర్మన్ ప్రాథమిక పాఠాలు. (32 డిగ్రీలు, 64 సబ్జెక్టులు అంటూ వాట్సాప్‌లో తిరిగే లెక్కలు దయచేసి ఆపండి. ఉన్న నిజమే కొండంత ఉంది.) ఎకనామిక్స్‌లో సెలిగ్మన్, ఫిలాసఫీలో జాన్ డ్యూయీ గురువులు. ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాల మీద థీసిస్ రాసి 1915లో ఎం.ఏ. అందుకున్నారు.

1916 మే 9. గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్‌లో కులం పుట్టుక మీద పేపరు చదివారు. వయసు పాతికేళ్లు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్‌లాంటి పేరున్న పండితులను ఒక్కొక్కరినే తీసుకుని, మీరు చెప్పింది ఎక్కడ సరిపోదో చూడండి అన్నారు. కులానికి అసలు పట్టు స్వకుల వివాహంలో ఉందని వాదించారు. మరుసటి ఏడాది అది 'ఇండియన్ యాంటిక్వెరీ'లో అచ్చయింది. నల్లబల్ల దాకా వెళ్లడానికి డబ్బాలు తీసేదాకా ఆగిన పిల్లాడు, ఆ డబ్బాలు ఎందుకు తీశారో ప్రొఫెసర్లకు వివరించి చెప్పాడు! దీన్ని ఇప్పటి ట్రైనర్లు ప్రెజెంటేషన్ స్కిల్స్ అంటారు.

సరే, ఇంత నేర్చాక ఏమైంది? స్కాలర్‌షిప్ గడువు తీరి, లండన్ చదువు మధ్యలో వదిలేసి 1917లో బరోడా వచ్చారు. ఆఫీసులో ప్యూన్లు ఫైళ్లు చేతికివ్వకుండా బల్లమీదకు విసిరారు. ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. రైలు టైం దాకా కమాతీ బాగ్ తోటలో కూర్చున్నారు. ఇందులో 'స్కిల్ గ్యాప్' ఎవరిదో చెప్పండి.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చేవాళ్లు. స్టాఫ్ రూంలో ఆయన కుండనీళ్లు ముట్టుకుంటే మాత్రం తోటి ప్రొఫెసర్లకు అభ్యంతరం. ఆ జీతంలో మిగిల్చింది, భతేనా ఇచ్చిన అప్పు, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లి ఆగిన చదువు పూర్తిచేశారు.

తనకు కొలంబియాలో దొరికినలాంటి చోటు మిగతావాళ్లకూ ఉండాలని ఆయన పట్టుబట్టారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ అదే. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ల కోసం పొద్దున్నే క్లాసులు. అక్కడ విద్యార్థి పార్లమెంటు ఉండేది. దేశానికి న్యాయశాఖ మంత్రిగా ఉండి కూడా బాబాసాహెబ్ ఆ పిల్లల సభకు వెళ్లి హిందూ కోడ్ బిల్లు మీద మాట్లాడారు.

అంతకు ముందు, వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా పట్టుబట్టి షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల చదువుకు కేంద్రం నుంచి డబ్బు ఇప్పించారు. ఎస్సీ పిల్లలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో అలా మొదలైంది. ఆ చెల్లె చదువుతున్నది దానిమీదే. ఈ ఏడాది డబ్బు ఇంకా పడలేదు, అది వేరే పోస్టు.

వచ్చే ఆదివారం ఆ హాస్టల్ మెస్ హాల్లో మేమూ ఒక పార్లమెంటు పెడుతున్నాం. మొదటి చర్చ మెస్ చార్జీల మీద. ప్రతిపక్ష నాయకురాలు ఆ చెల్లే. కాళ్లు వణికితే కూర్చునే మాట్లాడతానంది, సరేనన్నాం.