సాదాబైనామా

సాదాబైనామా అనగా రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద గానీ, తక్కువ విలువ గల స్టాంపు కాగితం మీద గానీ వ్రాసుకొన్న భూమి అమ్మకపు పత్రం. తెలంగాణ గ్రామాలలో, ముఖ్యంగా సన్నకారు రైతుల మధ్య, ఇది తరతరాలుగా వాడుకలో ఉన్నది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం, దాని పొరుగు మండలాలు ఇందుకు మినహాయింపు కాదు. "ఈ కాగితంతో భూమి నాదవుతుందా?" అన్నది న్యాయవాదుల వద్దకు తరచుగా వచ్చే ప్రశ్నలలో ఒకటి.

పద వివరణ

"సాదా" అంటే మామూలు అని, "బై" అంటే అమ్మకం అని, "నామా" అంటే పత్రం అని అర్థం. నిజాం పాలనలో రెవెన్యూ వ్యవహారాలు ఉర్దూ, పారశీక పదాలతో సాగినందున ఈ మాట స్థిరపడింది. పహాణీ, సేత్వార్, కౌలు వంటివి కూడా ఈ కోవలోనివే.

నేపథ్యం

ఈ ప్రాంతంలో భూమి కాగితానికి ఉన్న విలువ చరిత్రకెక్కిన విషయం. పొరుగున ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకొని సాగుచేసుకొన్న భూమిని, పంటను విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డి కాజేయబూనగా, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు ఆమెకు అండగా నిలిచారు. న్యాయస్థానంలో ఆమె తరఫున వాదించిన వారిలో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. ఐలమ్మది కౌలు వివాదమే గానీ సాదాబైనామా కాదు. అయినా, బలవంతునితో భూవివాదం వచ్చినప్పుడు న్యాయవాది ఉండడానికీ లేకపోవడానికీ గల తేడా అక్కడ స్పష్టంగా కనబడుతుంది. దేవరుప్పుల మండలంలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య దేశముఖ్ మనుషుల కాల్పులలో మరణించాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అది ఒక మలుపు.

సాదాబైనామాలు పెరగడానికి కారణాలు అనేకం. హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం (1950) 47వ సెక్షను ప్రకారం భూమి అమ్మడానికి అధికారుల ముందస్తు అనుమతి అవసరం. ఈ నిబంధన 1969 వరకు అమలులో ఉంది. స్టాంపు ఖర్చు, పట్నానికి పోవలసిన శ్రమ, చదువు లేకపోవడం మరికొన్ని కారణాలు. ఊరి పెద్దల సమక్షంలో సాక్షులతో వ్రాసుకొన్న కాగితానికి మించిన రుజువు ఏముంటుందని రైతులు భావించారు. అందులో వారి తప్పు పెద్దగా లేదు.

చట్టం దృష్టిలో

ఆస్తి బదలాయింపు చట్టం (1882) 54వ సెక్షను, రిజిస్ట్రేషన్ చట్టం (1908) 17వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కనుక సాదాబైనామా వలన యాజమాన్య హక్కు సంక్రమించదు. అంతమాత్రాన అది చిత్తుకాగితం కాదు. స్వాధీనం ఏ విధంగా వచ్చిందో తెలుపడానికి, ఒప్పందాన్ని అమలు చేయించమని కోరే దావాలో రుజువుగా చూపడానికి అది పనికి రావచ్చు. సరైన స్టాంపు లేని పత్రాన్ని కోర్టు స్వీకరించాలంటే బకాయి సుంకంతో పాటు పది రెట్ల వరకు జరిమానా చెల్లించవలసి వస్తుంది.

ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డు భూమిని కొన్నవారి పరిస్థితి వేరు. 1977 నాటి చట్టం అటువంటి బదలాయింపును నిషేధించింది. ఏజెన్సీ ప్రాంతాలలో 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు (1970లో సవరించబడినవి) గిరిజనేతరులకు భూమి బదలాయింపును చెల్లకుండా చేస్తాయి. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ వంటి మండలాలలో దీనిని మరువరాదు. దేవరుప్పుల ఏజెన్సీ ప్రాంతం కాదు.

క్రమబద్ధీకరణ

1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో తరువాత చేర్చిన 5-ఎ సెక్షను సాదాబైనామాలకు దారి చూపింది. దరఖాస్తుపై తహశీల్దారు విచారణ జరిపి 13-బి ధ్రువపత్రం ఇచ్చేవారు. దానికి రిజిస్టరు దస్తావేజుతో సమానమైన విలువ ఉండేది. 2016లో ప్రభుత్వం 2014 జూన్ 2కు ముందు జరిగిన కొనుగోళ్ళను ఐదెకరాల వరకు ఉచితంగా క్రమబద్ధం చేయడానికి పూనుకొన్నది. 2020 అక్టోబరు 12 నుండి నవంబరు 10 వరకు మరల దరఖాస్తులు స్వీకరించబడ్డాయి. సుమారు తొమ్మిది లక్షలు వచ్చాయి. అయితే ఆ మధ్యలోనే, అక్టోబరు 29న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో 5-ఎ వంటి సెక్షను లేకపోవడంతో విషయం హైకోర్టుకు చేరి, స్టే వచ్చింది. అర్జీదారులు అయిదేళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. రైతుబంధు సొమ్ము గానీ బ్యాంకు రుణం గానీ పాసుపుస్తకం ఉన్న పాత పట్టాదారు పేరునే సాగాయి. దున్నేది ఒకరు, సాయం అందేది మరొకరికి!

2025 ఏప్రిల్ 14 నుండి అమలులోకి వచ్చిన భూభారతి చట్టంలోని 6వ సెక్షను ఆ అర్జీల పరిష్కారానికి వీలు కల్పించింది. 2025 ఆగస్టులో హైకోర్టులోని వ్యాజ్యం ముగిసింది. 2014 జూన్ 2 లేదా అంతకు ముందు కొనుగోలు చేసి, పన్నెండేళ్ళకు మించి స్వాధీనంలో ఉండి, 2020లో అర్జీ పెట్టుకొన్న చిన్న, సన్నకారు రైతులకు ఇది వర్తిస్తుంది. విచారణ బాధ్యత రెవెన్యూ డివిజనల్ అధికారిది.

న్యాయవాదిని ఎప్పుడు సంప్రదించాలి

అర్జీ పెట్టడానికి, పహాణీ నకలు తీసుకోవడానికి, అమ్మిన వ్యక్తి జీవించి ఉండి రిజిస్ట్రేషనుకు ఒప్పుకొన్నప్పుడు న్యాయవాది లేకపోయినా పని జరుగుతుంది. అమ్మినవారు బ్రతికి ఉండగా రిజిస్ట్రేషన్ చేయించుకోవడం అన్నింటికంటే సులువు.

అమ్మిన వ్యక్తి మరణించి వారసులు అడ్డం తిరిగినప్పుడు మాత్రం ఆలస్యం చేయరాదు. ఒప్పందం అమలుకై వేసే దావాకు గడువు మూడేళ్ళు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుండి, లేకుంటే అవతలివారు నిరాకరించినట్లు తెలిసిన నాటి నుండి దీనిని లెక్కిస్తారు. "పన్నెండేళ్ళు దున్నితే భూమి మనదే" అన్న మాట ఊళ్ళలో వినిపిస్తుంది గానీ, అది సగం నిజమే. యజమాని ఒప్పుదలతో భూమిలో ప్రవేశించినవాని స్వాధీనం ప్రతికూల స్వాధీనం అవుతుందా అన్నది చిక్కు ప్రశ్న. దానిని న్యాయవాది మాత్రమే పత్రాలు చూసి చెప్పగలడు.

కోర్టు సమను అందితే ఊరుకోరాదు. జవాబు దాఖలుకు ముప్పై రోజులు, కోర్టు అనుమతిస్తే తొంభై రోజుల వరకు గడువు ఉంటుంది. హాజరు కాకపోతే ఏకపక్ష డిక్రీ వస్తుంది. అవతలివారు ఇంజంక్షను తెచ్చుకొంటారన్న అనుమానం ఉంటే ముందే కేవియట్ వేయవచ్చు. దాని కాలపరిమితి తొంభై రోజులు. పోలీసు ఠాణాలో జరిగిన రాజీ వలన పట్టా మారదని కూడా గ్రహించాలి. అసలు కాగితాన్ని ఎవరికీ ఇవ్వకుండా నకళ్ళు మాత్రమే ఇవ్వడం మేలు.

ఉచిత న్యాయ సహాయం

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం (1987) 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉన్నది. జిల్లా న్యాయ సేవల సంస్థలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ వివరాలు అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. ఆ అవార్డుపై అప్పీలు లేదు కనుక, వేలిముద్ర వేసే ముందు కాగితాన్ని ఎవరిచేతనైనా పూర్తిగా చదివించుకొని వినడం అవసరం.