ఉపగ్రహ చిత్రాలతో రహస్య క్షిపణి స్థావరాల అన్వేషణ

ఒకప్పుడు ఏ దేశం క్షిపణులను ఎక్కడ దాచిందో తెలుసుకోవడం గూఢచారి సంస్థలకే సాధ్యమయ్యే పని. ఈ రోజు అమెరికాలో విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా కంప్యూటర్ ముందు కూర్చొని ఆ పని చేస్తున్నారు. ఇది ఎలా సాధ్యమైందో, దీనిని ఎంతవరకు నమ్మవచ్చో క్లుప్తంగా తెలుసుకుందాం.

కరోనాతో మొదలు

అమెరికా తొలి గూఢచారి ఉపగ్రహ కార్యక్రమం పేరు కరోనా. 1960 ఆగస్టులో అది తొలిసారి విజయవంతమైంది. ఫిల్ము ఉన్న పెట్టె పారాచూట్‌తో దిగుతుంటే విమానం దాన్ని గాలిలోనే పట్టుకునేది. సోవియట్ యూనియన్ వద్ద లెక్కలేనన్ని ఖండాంతర క్షిపణులున్నాయని అప్పట్లో భయం ఉండేది. ఫోటోలు చూశాక, 1961 సెప్టెంబరు అంచనాలో ఆ సంఖ్య 10 నుంచి 25 మధ్యకు పడిపోయింది. 1972లో ముగిసిన ఈ కార్యక్రమం తాలూకు చిత్రాలను బహిరంగం చేయాలని 1995లో ప్రభుత్వం నిర్ణయించింది. 1999లో ఐకొనోస్ అనే వాణిజ్య ఉపగ్రహం వచ్చాక, 1 మీటరు స్పష్టత గల చిత్రాలు డబ్బు పెట్టి కొనుక్కునే వీలు కలిగింది.

చైనా ఎడారిలో 119 గోతులు

2021 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న మిడిల్‌బరీ సంస్థ పరిశోధకులు డెకర్ ఎవెలెత్, జెఫ్రీ లూయిస్ చైనాలోని యూమెన్ ఎడారిలో 119 క్షిపణి గోతుల నిర్మాణాన్ని బయటపెట్టారు. వీటినే సైలోలు అంటారు. చిత్రాలు ప్లానెట్ అనే ప్రైవేటు కంపెనీవి. గోతులపై గాలి నింపిన గుడారాల వంటి కప్పులు వేశారు. అటువంటి కప్పులే అంతకుముందు జీలాన్‌తాయ్ శిక్షణ కేంద్రంలో కనిపించాయి. గోతికీ గోతికీ మధ్య సుమారు 3 కిలోమీటర్ల సమాన దూరం, కొత్త రోడ్లు, కేబుళ్ల కోసం తవ్విన కందకాలు మిగతా ఆధారాలు. అవి గాలిమరలని కొందరు వాదించారు. కానీ నెల తిరగకుండానే మరో అమెరికన్ బృందం హామీ వద్ద ఇలాంటిదే ఇంకొకటి కనిపెట్టింది. మూడు క్షేత్రాల్లో కలిపి కనీసం 300 గోతులు ఉన్నాయని 2023లో అమెరికా రక్షణ శాఖ నివేదిక పేర్కొంది.

మన అనుభవం

1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో జరుగుతున్న ఏర్పాట్లను అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. ప్రధాని పి.వి. నరసింహారావు గారిపై ఒత్తిడి వచ్చింది, పరీక్షలు జరగలేదు. ఆ పాఠం నేర్చుకున్న మన శాస్త్రవేత్తలు ఎక్కువగా రాత్రిపూట పనిచేసి, 1998 మే 11న పరీక్షలు జరిపేవరకు అమెరికాకు తెలియనివ్వలేదు.

పరిమితులు

గొయ్యి కనిపించినంత మాత్రాన లోపల క్షిపణి ఉన్నట్టు కాదు. 1979లో అమెరికాయే 200 ఎమ్.ఎక్స్. క్షిపణులను 4,600 షెల్టర్ల మధ్య మార్చుతూ దాచాలని పథకం వేసి, తర్వాత మానుకుంది. లెక్క తప్పితే భయం పెరుగుతుంది, దానితో ఆయుధాల ఖర్చూ పెరుగుతుంది. కనుక ఇటువంటి చిత్రం టీవీలోనో పత్రికలోనో కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. అది ఏ తేదీన తీసినది? అదే చోటు పాత చిత్రంతో పోల్చారా? సంబంధం లేని మరొకరు దాన్ని నిర్ధారించారా?