ఫ్రెంచి నియోక్లాసికల్ పక్కబల్లలు: లోహం, గాజు

సోఫా పక్కన దీపానికో, కాఫీ కప్పుకో చోటిచ్చే చిన్న బల్లలివి. కాళ్లు ఇత్తడివి, కంచువి లేదా ఇనుపవి. పైపలక గాజుది. గుండ్రంగా ఉంటే ఫ్రెంచివారు గెరిదాన్ అంటారు. 1940ల నుంచి 1970ల దాకా పారిస్ అలంకరణ సంస్థలు వీటిని విరివిగా చేయించాయి. రూపం మాత్రం అంతకంటే ఎంతో పాతది.

1738లో హెర్కులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాయి. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద దాదాపు 1,700 ఏళ్లు పడి ఉన్న రోమన్ ఇళ్లలోంచి జంతువుల పాదాలతో తీర్చిన కంచు ముక్కాలి బల్లలు బయటపడ్డాయి. వంపుల అలంకారాలతో విసిగిన ఫ్రాన్స్‌కు ఆ నిటారు కాళ్లు తెగ నచ్చాయి. 1773లో పారిస్‌లో 'అథెనియెన్' అనే ముక్కాలి సామాను వచ్చింది. ధూపం వేసుకోవడానికీ, పూలు పెట్టుకోవడానికీ పనికొచ్చేది. ఆ తరహాలోనే బియెన్నే అనే కంసాలి నెపోలియన్‌కు ముఖం కడుక్కునే స్టాండు చేసిచ్చాడు. సెయింట్ హెలెనా ప్రవాసానికి కూడా చక్రవర్తి దాన్ని వెంట తీసుకెళ్లాడు. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఆనాటి బల్లలపై ఎక్కువగా పాలరాయి పలక ఉండేది. పైనుంచి చూస్తే కాళ్లు కనబడేవి కావు. ఇరవయ్యో శతాబ్దపు పనివాళ్లు రాయి తీసి గాజు పెట్టడంతో బల్ల స్వభావమే మారిపోయింది. కాళ్లను కలిపే అడ్డకమ్మీలు, వాటి నడుమ పువ్వు, అతుకులు, మరలు అన్నీ చూపుకు దొరుకుతాయి. పనితనంలో లోపం దాచడానికి చోటే లేదు. ఈ బల్లల అందమంతా ఆ నిజాయితీలోనే ఉంది.

ఈ పనిలో మొదట వినిపించే పేరు మేజాన్ జాన్సెన్. డచ్చి సంతతివాడైన జాన్ ఆంరీ జాన్సెన్ 1880లో పారిస్‌లో స్థాపించిన ఈ సంస్థ 1989లో మూతపడింది. దాన్ని దశాబ్దాలపాటు నడిపించిన స్టెఫాన్ బూదాఁ 1960ల మొదట్లో జాక్వెలిన్ కెనడీ కోసం వైట్ హౌస్ గదులు తీర్చిదిద్దాడు. వెదురు కణుపుల్లా పోతపోసిన కాళ్లంటే మేజాన్ బాగెస్ అనే మరో సంస్థ గుర్తొస్తుంది. ఇనుమును తాడులా మెలితిప్పడంలో జిల్బెర్ పొయ్యెరా దిట్ట.

కొన్నిటి పైపలక మామూలు గాజు కాదు. గాజు వెనక బంగారు రేకు అంటించి, సూదితో గీసి బొమ్మలు తేల్చుతారు. దీన్ని వెర్ ఎగ్లొమిజె అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో పటాలు కట్టిన గ్లోమీ పేరుమీదుగా ఆ మాట పుట్టింది.

చాలా బల్లలమీద తయారీదారు ముద్ర ఉండదు. అందుకే అంగట్లో గిట్టకాళ్ల ఇత్తడి బల్ల కనబడితే చాలు, జాన్సెన్ అనేస్తారు. పేరును నమ్మకుండా పాదాన్ని పట్టి చూడటం మేలు. మంచి పనిలో గిట్ట రెండుగా చీలిన చోట ఉలితో సవరించిన సన్నని గీతలు వేలికి తగులుతాయి. చౌక నకళ్లలో ఆ చీలిక మొద్దుగా, పోత ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. ఇక శుభ్రం చేసేటప్పుడు, బిందెలకు చేసినట్టు చింతపండు పట్టించి తోమకూడదు. ఏళ్ల తరబడి ఇత్తడిమీద నిలిచిన తేనెరంగు ఒక్కపూటలో పోతుంది, తిరిగి రావడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.