నీరో చావలేదన్న పుకారు

రోమన్ చక్రవర్తి నీరో క్రీ.శ. 68 జూన్ 9న, 30 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ చావు ఉత్త నాటకమని, అతను తూర్పు దేశాలకు పారిపోయి తలదాచుకున్నాడని, సేనతో తిరిగొస్తాడని వెంటనే పుకారు పుట్టింది.

పుకారుకు ఊతమిచ్చింది అతను చనిపోయిన తీరే. సెనేట్ తనను దేశద్రోహిగా ప్రకటించిందని తెలిసినప్పుడు నీరో రోమ్ నగరం బయట, ఫావోన్ అనే పూర్వ బానిస తోట ఇంట్లో దాక్కుని ఉన్నాడు. గొంతులో కత్తి దించుకున్నప్పుడు పక్కన ఉన్నది కొద్దిమంది అనుచరులే. తల నరకకుండా మొత్తం దేహాన్ని దహనం చేయాలని ముందే వేడుకున్నాడు. ఆ కోరిక నెరవేరింది. పడిపోయిన పాలకుడి తలను ఊరేగించే అలవాటున్న రోమ్‌లో జనానికి తల కనబడలేదు. ఇద్దరు దాదులు, ఒకప్పటి ప్రియురాలు ఆక్టే కలిసి అస్థికలను పించియన్ కొండ మీది కుటుంబ సమాధిలో ఉంచారు. దానికి ఏళ్ల తరబడి పూలు పెట్టినవారూ ఉన్నారు, అతను బతికే ఉన్నట్టు, త్వరలో వచ్చి శత్రువుల పని పడతానన్నట్టు అతని పేర ఆజ్ఞాపత్రాలు విడుదల చేసినవారూ ఉన్నారు.

తూర్పున అతనికి నిజంగానే అభిమానులుండేవారు. 67లో అతను గ్రీసుకు పన్నుల నుంచి విముక్తి ఇచ్చాడు. అంతకుముందు ఏడాది పార్థియా రాజు తమ్ముడు తిరిదాతేస్‌కు రోమ్‌లో స్వయంగా ఆర్మేనియా కిరీటం పెట్టాడు. పైగా చివరి రోజుల్లో పార్థియాకు పారిపోదామా అని అతనే ఆలోచించాడు. సింహాసనం పోతే కళే తనకు కూడు పెడుతుందని అంతకుముందెప్పుడో అన్నాడు కూడా.

ఆ కళ సంగతి కాస్త చెప్పుకోవాలి. నీరో పాడుతున్నంతసేపు ఎవరూ నాటకశాల దాటి వెళ్లకూడదు. భరించలేక కొందరు చచ్చినట్టు నటించి, శవాల్లా మోయించుకుని బయటపడ్డారని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. నీరో కథలో చావును నటించినవారంటూ ఉంటే వాళ్లు ఆ శ్రోతలే.

పెద్దమనుషులు ఈసడించిన ఆ పాటే తర్వాత వేషధారులకు పెట్టుబడి అయింది. తొలి నకిలీ నీరో 69లోనే బయల్దేరాడు. పాంటస్ బానిస అని కొందరు, ఇటలీ నుంచి వచ్చిన విముక్త బానిస అని కొందరు అన్నారు. ముఖం పోలికకు తోడు పాటా, తీగల వాద్యమూ వచ్చు. సైన్యం నుంచి పారిపోయినవాళ్లను పోగేసుకుని ఓడెక్కితే, తుఫాను అతన్ని కిత్నోస్ దీవికి నెట్టింది. అక్కడ వర్తకులను దోచి, బానిసలకు ఆయుధాలిచ్చాడు. గలాతియా పాలకుడిగా వెళ్తున్న ఆస్ప్రెనాస్ రెండు యుద్ధనౌకలతో ఆ దీవికి చేరాడు. తనను సిరియాకో ఈజిప్టుకో చేర్చమని నకిలీ చక్రవర్తి ఆ నౌకల నాయకులను బతిమాలుకున్నాడు. వాళ్లు సరేనన్నట్టు నటించి అసలు విషయం ఆస్ప్రెనాస్ చెవిన వేశారు. ఆ నకిలీ నీరోను చంపి, శవాన్ని ఆసియా మీదుగా రోమ్‌కు పంపారు. అసలు నీరోకు జరగని ఊరేగింపు ఇతనికి జరిగింది.

టైటస్ చక్రవర్తి కాలంలో, అంటే 80 ప్రాంతంలో, తెరెంటియస్ మాక్సిమస్ అనేవాడు అదే గొంతుతో, అదే వాద్యంతో యూఫ్రటీస్ దాకా వెళ్లాడు. టైటస్ మీద కోపంగా ఉన్న పార్థియా రాజు అర్తబానుస్ అతన్ని ఆదరించాడు. 88 ప్రాంతంలో మరొకడు లేచాడు. పార్థియన్లు అతన్ని చాలా అయిష్టంగా అప్పగించారు. వాళ్లు నిజంగా నమ్మారనుకోవడం కష్టం. రోమ్‌ను ఇబ్బంది పెట్టడానికి అంతకంటే చవకైన సాధనం వాళ్లకు దొరకదు.

క్రైస్తవుల్లో ఈ పుకారు మరో రూపం తొడుక్కుంది. నీరో చేతిలో హింస అనుభవించినవారి వారసులకు అతని రాకడ ఆశ కాదు, భయం. అతనే క్రీస్తు విరోధిగా తిరిగొస్తాడని కొందరు నమ్మేవారని అయిదో శతాబ్దంలో సెయింట్ అగస్టీన్ ప్రస్తావించాడు. మధ్యయుగపు రోమ్‌లో నీరో దెయ్యమై అస్థికలున్న చోటి వాల్‌నట్ చెట్టును పట్టుకుని ఉన్నాడనేవారు. 1099లో పోప్ రెండవ పాస్కల్ ఆ చెట్టును కొట్టించి ప్రార్థనా మందిరం కట్టించాడని ఐతిహ్యం. అక్కడ ఇప్పుడున్న సాంతా మరియా దెల్ పొపొలో చర్చిని 1470లలో పునర్నిర్మించారు.