ఉప్పెనకు చరిత్ర ఉంది

తుఫాను వచ్చిన ప్రతిసారీ మన పత్రికల్లోనూ, కవితల్లోనూ ఒకే రకం మాటలు కనిపిస్తాయి. ప్రకృతి కన్నెర్ర చేసిందంటారు. కడలి కాటేసిందంటారు. విధి వక్రించిందంటారు. ఈ వాక్యాలన్నింటిలోనూ కర్త ప్రకృతి, లేదా దైవం. ప్రభుత్వాలు, ఆస్తి సంబంధాలు, వ్యాపార ప్రయోజనాలు ఈ వాక్యాల్లోకి రావు. బడిలో పిల్లల చేత "తుఫాను బీభత్సం" అని వ్యాసం రాయిస్తే వాళ్ళూ ఇవే మాటలు రాస్తారు. మనం నేర్పినవే కదా! గాలివాన చరిత్రకు బయట జరిగే సంఘటన అని ఈ భాష మనల్ని నమ్మిస్తుంది. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

తూర్పు గోదావరి తీరాన కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టే చోటు. ఇక్కడినుంచి బర్మాకు వలసపోయిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు "కోరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవు ప్రాధాన్యం అర్థమవుతుంది. 1789 డిసెంబరులో ఒకదాని వెంట ఒకటిగా మూడు పెనుకెరటాలు ఈ ఊరిమీద పడ్డాయి. సుమారు ఇరవైవేలమంది చనిపోయారని ఆనాటి కథనాలు చెబుతున్నాయి. 1839లో మరో ఉప్పెన మిగిలిన ఊరిని తుడిచిపెట్టింది.

కలకత్తాలో నౌకాదుర్ఘటనలపై విచారణ జరిపే కోర్టుకు అధ్యక్షుడుగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానుల వివరాలు కూర్చాడు. వాటిలో కోరింగ కూడా ఉంది. చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం స్ఫురించే గ్రీకు మాటనుంచి "సైక్లోన్" అనే పదాన్ని తయారుచేసినవాడు ఆయనే. 1848లో అచ్చయిన ఆయన గ్రంథంతో ఆ పదం ప్రపంచమంతా వ్యాపించింది. అంటే ఈనాడు ప్రపంచ శాస్త్రమంతా వాడుతున్న ఒక మాట వెనుక మన తీరపు మృతుల లెక్క ఉందన్నమాట.

ఆ శాస్త్రం ఎవరికోసం ఎదిగిందన్నది ఆలోచించవలసిన విషయం. పిడింగ్టన్ పుస్తకం రాసింది నావికులకోసం. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుఫాను దెబ్బతీసి రేవులోని ఓడలను నాశనం చేసింది. మరుసటి ఏడాదికల్లా ఆ రేవులో హెచ్చరిక ఏర్పాటు వచ్చింది. అదే 1864లో, నవంబరు 1న, మచిలీపట్నం మీద ఉప్పెన పడింది. సుమారు ముప్పైవేలమంది చనిపోయారు. బందరు ఆ దెబ్బనుంచి మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడటానికి కలకత్తా తుఫాను, 1866, 1871 సంవత్సరాలలో వానలు తప్పడం ముఖ్యకారణాలు. శాఖ ఏర్పడటం మంచిదే. కాని మొదటి హెచ్చరికలు వెళ్ళింది ఓడలకు. ఒడ్డున ఉన్న గుడిసెలకు వెళ్ళలేదు. ఓడలో సరుకుంది, సరుకుకు బీమా ఉంది. గుడిసెలో ఉన్నది మనిషి మాత్రమే.

శాస్త్రజ్ఞుడు చెప్పినా పెట్టుబడి వినదనడానికి ఆ కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. సుందరవనాల దగ్గర మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం సంకల్పించినప్పుడు, అక్కడ ఉప్పెన ప్రమాదం ఉందని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్‌కు బహిరంగ లేఖ రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. కానింగ్ రేవు కట్టారు. 1867లో తుఫాను కెరటం దాన్ని ధ్వంసం చేసింది. కొన్నేళ్ళకు రేవును వదిలేశారు.

2

స్వాతంత్ర్యం వచ్చిన ముప్పైఏళ్ళకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. తుఫాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. కాని ఎక్కువ చావులు సంభవించింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమలో. దీనికి కారణం దైవలీల కాదు. మన అర్ధగోళంలో తుఫాను అపసవ్యంగా తిరుగుతుంది. అది సాగే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డుమీదికి నెడుతుంది. బంగాళాఖాతపు ఒడ్డు లోతు తక్కువ కనుక నెట్టబడిన నీటికి కిందికి పోయే దారి లేదు. అది పైకి లేస్తుంది. ఆ రాత్రి అది సుమారు అయిదు మీటర్ల ఎత్తు లేచింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఊళ్ళమీదుగా నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్ళు శ్మశానాలయ్యాయి. మృతులు దాదాపు పదివేలని ఒక లెక్క, పద్నాలుగువేలు దాటారని మరో లెక్క.

ఇంతమంది మృతులు ఎవరు? తీరం వెంట గుడిసెల్లో ఉన్న మత్స్యకారులు, యానాదులు, వ్యవసాయ కూలీలు. నీరు పేద, ధనిక తేడా చూపదని అంటాం. నీరు చూపకపోవచ్చు. కాని పల్లపు భూమిలో ఎవరు ఉంటారో, మెరక మీద ఎవరు ఉంటారో, మట్టిగోడ ఎవరిదో, డాబా ఎవరిదో ఆ నీరు రాకముందే నిర్ణయమైపోయింది. రేడియోలో చెప్పిన హెచ్చరిక చేరాలంటే రేడియో ఉండాలి. చేరినా నమ్మి కదలాలంటే పోవడానికి ఒక చోటుండాలి. దివిసీమలో ఆ చోటు లేదు.

ఉప్పెన తర్వాత ప్రజలు చూపిన స్పందన మరువరానిది. విద్యార్థులు శవాలను మోశారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలెపట్టి విరాళాలు పోగుచేశారు. విరాళం అప్పటికి ప్రాణం నిలబెట్టింది. కాని తర్వాతి తుఫానులో ప్రాణాలు నిలబెట్టింది మాత్రం విరాళం కాదు. తీరం వెంట కట్టిన తుఫాను రక్షణ భవనాలు, రోడ్లు, రాడార్లు, 1980లలో ఉపగ్రహం ద్వారా నేరుగా తీరగ్రామాలకు హెచ్చరిక పంపే ఏర్పాటు. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రత గల తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపు. అదే సముద్రం, అదే గాలి. మధ్య పదమూడేళ్ళలో మారింది సమాజం చేసిన ఏర్పాటు. 1977 నాటి మరణాలు అనివార్యం కావనడానికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

అయితే ఈ విజయానికి హద్దులున్నాయి. 1996 నవంబరు 6న కోనసీమ తుఫానులో మళ్ళీ వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు పోయిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. 2013 ఫైలిన్ నాటికి, 2014 హుద్‌హుద్ నాటికి మరణాలను పదుల్లోకి తేగలిగాం. ప్రాణాన్ని కాపాడటం నేర్చుకున్నాం. బతుకును కాపాడటం నేర్చుకోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళపాలయింది. డెల్టాలో ఆ వరి పండించేది ఎక్కువగా కౌలురైతు. పరిహారం మాత్రం పట్టా వెంట నడుస్తుంది. కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలన్న చట్టం 2011లో వచ్చింది. 2019లో వచ్చిన మరో చట్టం ఆ కార్డును భూయజమాని సంతకంతో ముడిపెట్టింది. సంతకం పెట్టే యజమాని ఎక్కడ? గాలివాన ఒక్కరోజులో పోతుంది. దాని అప్పు కౌలురైతు ఇంట్లో ఏళ్ళకేళ్ళు ఉండిపోతుంది.

3

ఒడ్డుకు సహజమైన గోడ ఒకటి ఉంది. అది మడ అడవి. 1999లో ఒడిశాను ముంచిన పెనుతుఫాను మరణాలను ఊరూరా పరిశీలించి, మడ అడవులు వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువని 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. మన దగ్గర కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. కాని 1980ల చివరినుంచి రొయ్యల చెరువులు తీరాన్ని ఆక్రమించాయి. రొయ్య పోయేది జపాను, అమెరికా, ఐరోపా మార్కెట్లకు. ఉప్పుదేలిన పొలం, చెడిన మంచినీటి బావి మిగిలేవి ఊరికి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో ఈ చెరువులు ఉండరాదని తీర్పిచ్చింది. 2005లో వచ్చిన చట్టం వాటికి నమోదు పద్ధతి ఏర్పరచి కొనసాగనిచ్చింది. కోర్టు మూసిన తలుపును శాసనసభ తెరవడం మన చరిత్రలో కొత్త కాదు.

ఇక డెల్టా సంగతి. డెల్టా అంటే నది మోసుకొచ్చిన ఒండ్రు. ఆ ఒండ్రు ఆగిపోతే డెల్టా కుంగుతుంది, సముద్రం ముందుకొస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ దశాబ్దంలోనే వచ్చిన బెజవాడ ఆనకట్ట కరువుసీమను ధాన్యాగారం చేశాయి. ఆ మేలును కాదనలేం. తర్వాత ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి పెద్ద జలాశయాలు వచ్చాయి. వాటిలో నీటితోపాటు ఒండ్రూ నిలిచిపోయింది. కుంగుతున్న ప్రపంచ డెల్టాల జాబితాలో కృష్ణా, గోదావరి రెండూ చేరాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్ళనూ, రోడ్డునూ కోసుకుపోతూనే ఉంది. ప్రకృతిపై సాధించిన ప్రతి విజయానికీ ప్రకృతి తన లెక్క తేల్చుకుంటుందనే భావాన్ని ఎంగెల్స్ 1876లోనే ఒక అసంపూర్ణ వ్యాసంలో వివరించాడు. అభివృద్ధిని తిరస్కరించమని ఆయన చెప్పలేదు. ఫలితాలను ముందుగా చూడగల సమాజ వ్యవస్థ కావాలన్నాడు. మనలో కొందరు మొదటి సగాన్ని మాత్రమే చదివి పాతకాలపు పల్లె కోసం కన్నీరు కారుస్తారు. మరికొందరు అసలు చదవక ప్రతి కాంక్రీటు కట్టడానికీ జేజేలు పలుకుతారు.

4

ప్రపంచం ఏం చేసింది? 1972లో స్టాక్‌హోంలో పర్యావరణంపై మొదటి పెద్ద ఐక్యరాజ్యసమితి సభ జరిగింది. పేదరికాన్ని పక్కనపెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమని ఇందిరాగాంధీ అక్కడ వాదించింది. 1988లో వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య శాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడింది. 1992 రియో ఒప్పందం బాధ్యత అందరిదీ, కాని సమానం కాదనే సూత్రాన్ని అంగీకరించింది. 1997 క్యోటో ఒప్పందం ధనిక దేశాలకు తగ్గింపు లక్ష్యాలు పెట్టింది; అమెరికా దాన్ని ఆమోదించలేదు. 2015 పారిస్ ఒప్పందంలో ఎవరి లక్ష్యం వారే పెట్టుకునే పద్ధతి వచ్చింది. దాన్నుంచి కూడా తప్పుకుంటామని అమెరికా 2017లో ఒకసారి, 2025 జనవరిలో మరోసారి ప్రకటించింది. ఇప్పటివరకు గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగోవంతు ఆ ఒక్క దేశానిదే.

మునిగిపోయే చిన్న ద్వీపదేశాల తరఫున వనువాటు 1991లోనే ఒక ప్రతిపాదన తెచ్చింది: సముద్రమట్టం పెరిగి నష్టపోయేవారికి ధనిక దేశాలు పరిహారం చెల్లించాలి. నష్టపరిహార నిధి పెట్టాలనే నిర్ణయం 2022లో ఈజిప్టు సభలో జరిగింది. ముప్పైఒక్క ఏళ్ళు! అదికూడా చట్టపరమైన బాధ్యతగా కాదు, సహాయంగా. మళ్ళీ జోలె, మళ్ళీ విరాళం. దివిసీమ బాధితుడు హక్కుదారు కాక యాచకుడైనట్లే ప్రపంచ వేదికమీద పేదదేశం కూడా యాచక స్థానంలోనే నిలబడి ఉంది.

ఈ పోలికను ఇంతటితో ఆపితే అర్ధసత్యమే అవుతుంది. తలకు లెక్కిస్తే భారతీయుడి వాయువుల వాటా ప్రపంచ సగటులో సగానికి లోపేనని మన ప్రభుత్వాలు చెప్పే మాట నిజం. కాని సగటు అనేది నాలుగు శీతల యంత్రాలున్న మేడనూ, ఉప్పుమడిలో పనిచేసే కూలీనీ కలిపి తీసినది. కూలీ పేదరికాన్ని చూపి ప్రపంచసభలో వాదించి, ఇంటికొచ్చి ఆ వాదన లాభాన్ని మేడకు కట్టబెట్టడం న్యాయం కాదు. ఇక వేడెక్కుతున్న సముద్రం తీవ్రమైన తుఫానుల వంతును పెంచుతుందని, పెరిగిన నీటిమట్టం మీద ఉప్పెన మరింత ఎత్తు లేస్తుందని శాస్త్రం చెబుతోంది. కాబట్టి ఈనాడు గాలి పుట్టుకను కూడా పూర్తిగా ప్రకృతి ఖాతాలో వేయలేం.

5

చివరగా మన సాహిత్యం విషయం. పాలగుమ్మి పద్మరాజు "గాలివాన" కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. విలువల గిరిలో బతికే రావుగారిని గాలివాన ఒక ముష్టి స్త్రీ పక్కన నిలబెడుతుంది. ఆ రాత్రి ఆమె వెచ్చదనమే ఆయన్ని నిలబెడుతుంది. మన విమర్శకులు రావుగారి అంతరంగ పరివర్తన గురించి ఎంతో రాశారు. కథలో తెల్లవారేసరికి చచ్చిపోయింది ఎవరన్న విషయం మీద అంతగా ఆగలేదు. చచ్చిపోయింది ముష్టి స్త్రీ. ఆయనకు గాలివాన జ్ఞానాన్నిచ్చింది, ఆమెకు చావునిచ్చింది. రచయిత ఉద్దేశం ఏదైనా, ఆయన కన్ను తప్పు చూడలేదు. ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరికీ గాలివాన ఒకటి కాదు.

రాయలసీమ కరువును గురించి కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివారు రాసిన కథలు చూడండి. అక్కడ వాన లేకపోవడం ఒక్కటే కరువు కాదు. అప్పు, ధర, ముఠా, ప్రభుత్వం అన్నీ కలిస్తే కరువు. అంటే సీమ కథకులు కరువుకు చరిత్ర ఉందని గుర్తించారు. తీరాంధ్ర రచయితలు ఉప్పెన విషయంలో అంతగా ఆ పని చేయలేదు. దివిసీమ మీద కన్నీటి కవిత్వం కొల్లలుగా వచ్చింది. ఆ కన్నీరు నిజమైనదే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాని శవాల వర్ణనతో ఆగిన కవిత తర్వాతి తుఫానుకు పనికిరాదు. ఆ గుడిసె అక్కడే ఎందుకుంది, మడ అడవిని ఎవరు నరికారు, పరిహారం ఎవరి పేరు మీద వచ్చింది, కోరింగలో వలవేసేవాడి బతుకుకూ ఎక్కడో మండే బొగ్గుకూ సంబంధమేమిటి? ఇవి కథకు వస్తువులు కావా?

వీటిని రాయడానికి శాస్త్రం కొంత చదవాలి, జీవోలు చదవాలి, తీరానికి పోయి మనుషులతో మాట్లాడాలి. సాహిత్య విద్యార్థులు పరిశోధనకు వస్తువు లేదని తరచు అంటుంటారు. 1789 నుంచి నేటిదాకా బంగాళాఖాతపు ఉప్పెనలు తెలుగు పాటలో, పద్యంలో, కథలో, పత్రికలో ఎలా నమోదయ్యాయో ఎవరైనా వరుసగా కూర్చాలి. పల్లెకారుల నోళ్ళలో ఉన్న పాటలను, గుర్తులను ముందుగా సేకరించాలి. దివిసీమను కళ్ళారా చూసినవారు వృద్ధులయ్యారు. ఈ పని వాయిదా వేయడానికి ఇక వ్యవధి లేదు.