హఫ్సా బింతు సీరీను

హిజరీ శకము మొదటి శతాబ్దమున ఇరాకు దేశమందలి బస్రా నగరము గొప్ప విద్యాస్థానమై యుండెను. వ్యాకరణమునకును, ధర్మశాస్త్రమునకును, ఖురాను పాఠమునకును ప్రసిద్ధి వడసిన యా నగరమున, సీరీను కూతురగు హఫ్సా యను విదుషి వెలసెను. చరిత్రకారులు పెక్కండ్రు ఆమెను ముఖ్యముగా తపస్వినియని కొనియాడిరి. కాని ఆమె వృత్తాంతమును పరిశీలించినచో, పాఠవిషయమున ఆమె ప్రమాణభూతురాలై యుండెననియు తేలుచున్నది.

క్రీ. శ. 633లో ముస్లిము సేనలు అయినుత్తమరు పట్టణమును జయించినప్పుడు సీరీను బందీయై, ప్రవక్తకు పరిచర్య చేసిన అనసు బిన్ మాలికునకు దాసుడయ్యెను. పిదప ధనమిచ్చి స్వాతంత్ర్యమును బొందెను. హఫ్సా తల్లియగు సఫియ్య, మొదటి ఖలీఫా అబూబక్రు ఇంట దాస్యవిముక్తి నొందినది. వంశమే గౌరవహేతువైన యా దినములలో వీరి బిడ్డకు పుట్టుకవలన వచ్చిన ప్రతిష్ఠ యేమియు లేదు. ఆమెకు ప్రతిష్ఠ తెచ్చినది విద్యయే. పండ్రెండేండ్ల ప్రాయమునకే ఖురానులోని 114 అధ్యాయములును ఆమెకు వచ్చెనని చెప్పుదురు.

ఈ విద్య యెంత కష్టసాధ్యమో నాటి లిపిని బట్టి యూహింపవచ్చును. అప్పటి ఖురాను ప్రతులలో హ్రస్వస్వరములకు గుర్తులు లేవు. సమానరూపములు గల హల్లులను వేఱుపఱచు చుక్కలును తఱచుగా నుండవు. స్వరములను దెలుపు చుక్కలను మొదట కల్పించెనని ప్రసిద్ధి గాంచిన అబుల్ అస్వదు బస్రావాడే. అతడు 688 ప్రాంతమున గతించెను. కావున వ్రాతప్రతి జ్ఞాపకమునకు తోడు మాత్రమే; పాఠమును గురుముఖమున వినియే నేర్వవలెను. వేదాధ్యయన సంప్రదాయము నెఱిగిన మన పండితులకు ఈ విషయమును వివరింప బనిలేదు.

హఫ్సా సోదరుడు ముహమ్మదు బిన్ సీరీను హదీసు విద్యయందును, స్వప్నఫలములు చెప్పుటయందును విఖ్యాతుడు. అంతటివాడును ఖురాను పాఠమున సందేహము గలిగినప్పుడు, హఫ్సా యెట్లు చదువునో పోయి యడుగుడని చెప్పెడివాడట. సూక్ష్మబుద్ధికి పేరొందిన బస్రా న్యాయాధిపతి ఇయాసు, ఆమెకంటె మిన్నయైనవారిని తాను చూడలేదనెను. హసను బస్రీని, ఇబ్నుసీరీనును పేర్కొని యడిగినను అతడు తన మాట మార్చుకొనలేదు.

ఆమె రాత్రికి సగము ఖురానును, అనగా ముప్పది భాగములలో పదునైదింటిని, పారాయణము చేసెడిదట. ఆమె కుమారుడు హుజైలు వేసవిలోనే రెల్లుకాడల నొలిచి యెండబెట్టి, చలికాలమున తల్లి ప్రార్థించునప్పుడు పొగరాకుండ నామె వెనుక మంట వేయుచుండెను. అతడు ఆమెకంటె ముందే మరణించెను. తీరని దుఃఖముతో నున్న యామె, ఒకరాత్రి 16వ అధ్యాయమును పఠించుచు సహనఫలమును దెలుపు వాక్యమును జేరగా శోకము ఉపశమించెనని కథనము. నోటికి వచ్చిన గ్రంథమే యామెకు ఆశ్రయమయ్యెను.

ఉమ్ము అతియ్యా వలన విని ఆమె చెప్పిన శవస్నానవిధి బుఖారీ సంకలనమున నిలిచియున్నది. 936లో గతించిన ఇబ్ను ముజాహిదు ఏడుగురు పాఠకులను ప్రమాణముగా గ్రహించినప్పుడు బస్రాకు ప్రతినిధిగా నిలిచినది అబూ అమ్రు. ఆ యేడ్వురిలో స్త్రీ లేదు. ఆ పట్టికను మాత్రమే చూచువారికి హఫ్సా కానరాదు. బస్రా పాఠచరిత్రను వ్రాయువారు, సోదరుడే శిష్యులను పంపిన యా గృహమును గూడ లెక్కింపవలసియున్నది.