ఆసుపత్రి ధర ఎవరి నిర్ణయం: మాధవరం దారిలో ఒక చరిత్ర

చెన్నై ఉత్తరపు అంచున ఉన్న మాధవరం 2011లో మహానగర పాలక సంస్థలో కలిసే దాకా పాల కాలనీకి, పశువైద్య క్షేత్రాలకు పేరుపడిన ఒక మునిసిపాలిటీ. ఆంధ్ర వైపు నడిచే బస్సుల కోసం 2018 అక్టోబరులో అక్కడ కొత్త బస్టాండు తెరిచాక, నెల్లూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వైద్యానికి చెన్నై వచ్చే తెలుగువారిలో చాలామంది మొదట దిగే చోటు అదే అయింది. అలా దిగిన రోగికి పడే బిల్లును ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నకు గడచిన నాలుగు దశాబ్దాలలో వచ్చిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు.

మాధవరానికి దక్షిణాన, పాత చాకలిపేటలో ఉన్న స్టాన్లీ ఆసుపత్రి మూలాలు 18వ శతాబ్దపు గంజికేంద్రంలో ఉన్నాయి. ఉచిత వైద్యం సాగిన అటువంటి చోట ధర అన్న మాటకే తావు లేదు. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో గ్రీమ్స్ రోడ్డులో అపోలో ఆసుపత్రిని ప్రారంభించి కార్పొరేట్ వైద్యానికి బాట వేసినప్పుడు, ప్రైవేటు ఆసుపత్రి రేట్లకు హద్దు గీసే ఏర్పాటు ఏదీ ఇక్కడ లేదు. తమిళనాడు 1997లో ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణ చట్టం చేసినా దాని నిబంధనలు 2018లో గాని రాలేదు. కేంద్రం 2010లో చేసిన క్లినికల్ సంస్థల చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు రేట్లను స్థానిక భాషలోనూ ప్రదర్శించాలని, కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించే కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల మధ్యనే వసూలు చేయాలని చెప్పాయి. ఆ పరిమితులు మాత్రం కాగితానికే మిగిలాయి.

అమెరికాలో ఇందుకు విరుద్ధంగా ముందు కట్టడి, ఆపై సడలింపు జరిగాయి. 1970ల నుంచి పలు రాష్ట్రాలు ఆసుపత్రి రేట్లను కమిషన్ల ద్వారా నిర్ణయించగా, మసాచుసెట్స్ 1991లో, న్యూజెర్సీ 1992లో, న్యూయార్క్ 1997 ఆరంభంలో ఆ పద్ధతిని వదలి బేరాన్ని బీమా సంస్థలకు, ఆసుపత్రులకు విడిచిపెట్టాయి. మేరీలాండ్ ఒక్కటే పట్టు విడవలేదు.

తెలుగునాట ప్రభుత్వం నియంత్రణకర్తగా కాక కొనుగోలుదారుగా వచ్చింది. 2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన రాజీవ్ ఆరోగ్యశ్రీ వైద్య పథకంలో ప్రతి చికిత్సకు ఒక ప్యాకేజీ, అంటే శస్త్రచికిత్స, మందులు, భోజనం, దారి ఖర్చు అన్నీ కలిపిన ముందే తేల్చిన మొత్తం ఉండేది. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర అనే సహాయకుని ద్వారా రోగి కాగితాలు వెళ్లి ముందస్తు అనుమతి వస్తేనే ఆ సొమ్ము ఆసుపత్రికి దక్కేది. తమిళనాడు 2009లో కలైంజర్ బీమా పథకంతో ఇదే దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆసుపత్రులకు విస్తరించడంతో, ఆంధ్రలో తేల్చిన రేటు మద్రాసు గడ్డ మీద చెల్లుబాటు కావడం మొదలైంది. బకాయిలు పేరుకున్నప్పుడల్లా ఆసుపత్రులు సేవలు ఆపుతామనడం చూస్తే, రేటు రాసే చేతికన్నా సొమ్ము చెల్లించే చేతికే బలమెక్కువని తెలుస్తుంది.

నగదుతో వచ్చిన రోగికీ వర్తించేలా ప్రభుత్వం ఆసుపత్రి సేవల ధర తేల్చిన సందర్భం, విస్తృతంగా చూస్తే, కోవిడ్ ఒక్కటే. 2020 జూన్‌లో తమిళనాడు ఐసీయూకు రోజుకు గరిష్ఠంగా 15,000 రూపాయలు నిర్ణయించగా, తెలంగాణ సాధారణ వార్డుకు 4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకు 7,500, ఉన్నదానికి 9,000 అన్నది. అయితే తెలంగాణ ఉత్తర్వులోనే ఖరీదైన మందులు, సీటీ వంటి పరీక్షలు, పీపీఈ కిట్లు ఆ లెక్క నుంచి మినహాయించబడినందున, పడక ధర అదుపులో ఉన్నా బిల్లు మరో వైపు నుంచి పెరగడానికి సందు మిగిలింది. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంటు ధరకు, మందు పూత గలదానికి 29,600 రూపాయలుగా, కేంద్ర ధరల నియంత్రణ సంస్థ పరిమితి విధించినప్పుడూ వస్తువు ధరే తేలింది గాని దాన్ని అమర్చే ఆసుపత్రి రుసుము తేలలేదు. మహమ్మారి తగ్గాక కోవిడ్ రేట్ల పట్టికలు వాడుకలోంచి జారిపోయాయి. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 2012 నిబంధనల ప్రకారం ప్రామాణిక రేట్లను కేంద్రం తేల్చకపోతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకపు రేట్లను తాత్కాలికంగా వర్తింపజేసే విషయం పరిశీలిస్తామని హెచ్చరించింది.